సరిచూశాను

నాకు కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్పినవాళ్లు ఇద్దరు. ఒకరు సొలొమోను మాస్టారు. రెండో మనిషి మా నాన్న. మాస్టారికి నెలనెలా ఫీజు కట్టాను. నాన్నకి ఏం కట్టానో చెప్పాలంటే 1975లో, ఆ చెరుకు సీజన్ దగ్గర మొదలుపెట్టాలి.

అప్పటికి నేను బియ్యెస్సీ లెక్కలు పాసై రెండేళ్లు దాటింది. పటమటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని పేపర్లో ఉద్యోగ ప్రకటనలు చదవడం, అప్లికేషన్లు పోస్టు చేయడం, అన్నం వేళకి లోపలికి రావడం, ఇదీ నా దినచర్య. మా నాన్న బసవపున్నయ్య గన్నవరం అవతల, ఏలూరు కాలవ ఒడ్డున ఉన్న ఒక పంచదార ఫ్యాక్టరీలో కేన్ క్లర్కు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకే బల్ల, ఒకే ఎర్ర పెన్సిలు, ఒకే పని. ఏ రైతు చెరుకు ఏ రోజు నరకాలో లిస్టు రాయడం ఆ పని. దాన్ని కటింగ్ ఆర్డర్ అంటారు. ఆర్డర్ చేతికి రాకుండా ఎవడూ గడ మీద కత్తి వేయకూడదు. ముందు నరికితే తీపి ఎక్కదు, ఆలస్యమైతే గడ లోపల బెండు పడిపోతుంది. పద్దెనిమిది వందల మంది రైతులు నవంబరు నుంచి మార్చి దాకా మా నాన్న చేతిరాత కోసం కాచుకుని ఉండేవాళ్లు. రోజూ సాయంత్రం లిస్టు పూర్తిచేశాక అడుగున 'సరిచూశాను' అని రాసి, పక్కన 'బ.పు.' అని పెట్టేవాడు. ఆ మాట పడిందంటే ఆ లిస్టుకి ఇక తిరుగులేదు. రైతులకి ఆయనంటే భయమూ, గౌరవమూ. నాకు రెండూ లేవు. రోజూ ఒకే లిస్టు రాసే మనిషిలో గౌరవించడానికి ఏముందిలే అనుకునేవాణ్ణి.

ఆగస్టులో గవర్నరుపేటలో, ఒక సైకిలు షాపు మీది గదికి కంప్యూటర్ ట్రైనింగ్ సెంటరని బోర్డు వెలిసింది. వెళ్లి చూస్తే ఒక నల్లబల్ల, మూడు బెంచీలు, ఎనిమిది మంది నిరుద్యోగులు ఉన్నారు. కంప్యూటర్ మాత్రం లేదు. బెజవాడ మొత్తంలోనే లేదని చెప్పారు. సొలొమోను మాస్టారు మద్రాసులో ఏదో కంపెనీ మిషను మీద ఎనిమిదేళ్లు పనిచేసి, ఆరోగ్యం చెడి తిరిగొచ్చిన మనిషి. పొయ్యి లేని ఇంట్లో వంట నేర్పినట్టు మాకు ఆయన కోబాల్ నేర్పారు. గళ్ల కాగితం మీద గడికో అక్షరం చొప్పున ప్రోగ్రాం రాయాలి. ఆ కాగితాలు కవర్లో పెట్టి మద్రాసు పంపితే అక్కడ వాటిని అట్టముక్కల్లాంటి కార్డుల మీద చిల్లులుగా కొట్టి మిషనుకి తినిపిస్తారు. వారం తర్వాత మిషను జవాబు చుట్ట చుట్టుకుని పోస్టులో వస్తుంది.

నా మొదటి ప్రోగ్రాం పది అంకెలు కూడమనేది. ఇరవై మూడు తప్పులతో తిరిగొచ్చింది. బెంచీల మీద వాళ్లంతా నవ్వారు. వాళ్లవి ఇంకా తిరిగి రాలేదు మరి.

"ఇరవై మూడేగా. నాకు మొదటిసారి నలభై ఒకటి" అన్నారు మాస్టారు. "మిషను మీద కోపంగా ఉందా?"

"లేదండీ. నా మీదే ఉంది."

"అయితే నువ్వు పనికొస్తావు."

నిజానికి నాకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. ఇంట్లో నేను ఏం చెప్పబోయినా సగంలోనే అర్థమైపోయినట్టు తల ఊపేవాళ్లు. ఆ మిషను అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేసింది, తప్పు చెబితే తప్పే చేసింది. ఎక్కడ తప్పానో లైను నెంబరుతో సహా చెప్పింది. కంటితో చూడని ఆ వస్తువు మీద నాకు ప్రేమ పుట్టింది. అవును, ప్రేమే. ఇంకో మాట వెతకను. రెండు నెలల్లో నా కాగితాలు తప్పు లేకుండా తిరిగి రావడం మొదలైంది. పక్క బెంచీ వాళ్లు నవ్వడం మానేశారు.

దసరా వెళ్లాక మాస్టారు నన్ను భవానీపురంలో ఒకరి ఇంటికి పంపారు. ఫ్యాక్టరీ సెక్రటరీ రామకోటేశ్వరరావు గారి ఇల్లు అది. మెత్తగా మాట్లాడే మనిషి. కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, నేను తాగేదాకా ఆగి అప్పుడు మొదలుపెట్టారు.

"నువ్వు మా బసవపున్నయ్య కొడుకువని సొలొమోను చెప్పాడు. కటింగ్ ఆర్డర్లు మిషను చేత రాయించాలి. ప్రోగ్రాం రాయగలవా?"

"రాస్తానండీ."

"పనిచేస్తే మద్రాసులో మాకు తెలిసిన కంపెనీలో నీకు ప్రోగ్రామర్ ఉద్యోగం. నేనే ఉత్తరం రాసిస్తాను. అయితే ఒకటి. అది పనిచేస్తే కేన్ ఆఫీసులో తొమ్మిది మంది అక్కర్లేదు. మీ నాన్న గారితో కలిపి తొమ్మిది." ఆయన నా కప్పు వంక చూశారు. "ఎమర్జెన్సీ వచ్చాక, జూన్ నుంచీ యూనియన్ ఆఫీసుకి తాళమే. గొడవ చేసేవాళ్లు లేరు. కానీ మీ నాన్నకి ముందే తెలిస్తే పని జరగదు. చెప్పాలనిపిస్తే ఇప్పుడే ఇంటికెళ్లి చెప్పెయ్యి, నేనేమీ అనుకోను. ఇంకొకణ్ణి చూసుకుంటాను."

నేను ఆలోచించానని చెబితే మీరు నమ్ముతారు. కానీ ఆలోచించలేదు. కప్పులో అడుగున పంచదార మిగిలింది. అది వంచుకుని తాగి, "చెప్పనండీ" అన్నాను.

మర్నాడు ఈ సంగతి మాస్టారికి చెప్పాను. ఆ తొమ్మిది మంది మాట తప్ప అన్నీ చెప్పాను. ఆయన చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టారు.

"ప్రోగ్రాం నీ బుర్రలోంచి రాయకు. ఆ పని చేసే మనిషి పక్కన కూర్చో. తర్వాత ఏం చేస్తారు, అలా కాకపోతే ఏం చేస్తారు అని అడుగుతూ పో. ఆయనకి విసుగొచ్చేదాకా అడుగు. విసుగొచ్చాక చెప్పేదే అసలు సంగతి. మిషనుకి ఊహ ఉండదు. ఆయన చెప్పనిది దానికి తెలీదు. చెప్పింది మాత్రం అది ఎప్పటికీ మర్చిపోదు."

మా నాన్నకి విసుగు రాలేదు. అదే నా ఖర్మ.

ఆదివారం పొద్దున్నే అరుగు మీద ఆయన పక్కన కాగితాలు పట్టుకుని కూర్చుని, "నాన్నా, నీ ఆఫీసు పని నాకు చెప్తావా? మా క్లాసులో ప్రాక్టీసుకి కావాలి" అన్నాను. ఆయన చదువుతున్న పేపరు మడిచేశాడు. నా వంక చూసి, మళ్లీ పేపరు వంక చూసి, "నా పనా?" అన్నాడు. ఇరవై రెండేళ్లలో నేను అడగని ప్రశ్న అది. లోపలి నుంచి మా అమ్మ పద్మావతమ్మ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"రాసుకో అయితే. ముందు కార్శి తోట, తర్వాత మొక్క తోట. కార్శి అంటే నిరుడు నరికిన మోళ్లలోంచి మళ్లీ లేచిన చెరుకు. అది ముందు పండుతుంది."

"కార్శిలో అందరూ సమానమేనా?"

"కాదు. కౌలుకి చేసేవాళ్లది ముందు. గడువులోగా పొలం ఆసామికి అప్పజెప్పాలిగా. ఆలస్యమైతే వచ్చే ఏడు కౌలు పోతుంది."

"తర్వాత?"

"దారి చూడాలి. మన చేలల్లో సగానికి బండి దారి ఉండదు. వెనక చేనువాడి బండి ముందు చేనులోంచే రావాలి. వెనకవాడికి ముందు ఆర్డర్ ఇచ్చావనుకో, వాడు చెరుకు ఎక్కణ్ణించి తోలతాడు? ఆకాశంలోంచా?"

ఎవరి చేను వెనక ఎవరిదో ఆయన ఏ కాగితమూ చూడకుండా చెప్పుకుపోయాడు. కాలవ గట్టు నుంచి మొదలుపెట్టి, గట్టు వెంట నడుస్తున్నట్టే చేను తర్వాత చేను చెప్పాడు. మూడు ఆదివారాలు పట్టింది. గాలికి పడిపోయిన తోట ఉంటే నాలుగు రోజులు ముందుకి జరపాలి. చావు జరిగిన ఇంటికి పెద్దకర్మ అయ్యేదాకా ఆర్డర్ పంపకూడదు. పిల్ల పురిటికి వచ్చిన ఇంటికి బండి అవసరం పడుతుంది, వారం ఆగాలి.

"ఇది వదిలెయ్యరా, ఇలాంటివి మిషనుకి ఏం పడతాయి?"

"పడతాయి నాన్నా. కార్డుకి ఎనభై గడులున్నాయి. ఒక్కోదానికి ఒక గడి చాలు."

"ఎనభై గడుల్లో నా పనంతా పట్టేస్తుందంటావా?" అని నవ్వాడు. ఆ నవ్వులో అనుమానం లేదు. ముచ్చట ఉంది.

అమ్మ ఇద్దరికీ మినపరొట్టి తెచ్చిపెట్టింది. తినడం కూడా మర్చిపోయి ఆయన చెబుతూనే ఉన్నాడు. ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూనే, "ఒరే కిష్టా, నిన్న ఒకటి చెప్పడం మర్చిపోయాను" అనేవాడు. అరుగు ముందు నుంచి వెళ్లేవాళ్లని పిలిచి మరీ, "మావాడు కంప్యూటర్ చదువుతున్నాడు, నన్ను అడిగి రాసుకుంటున్నాడు" అనేవాడు. ఆయన అంత మాటకారి అని నాకు అప్పుడే తెలిసింది. నా కలం ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆఖరి ఆదివారం అడిగాను. "స్టాఫ్ చెరుకో?"

మాకు కాలవ అవతల మా ఊళ్లో రెండెకరాలుంది. అందులో చెరుకే వేసేవాళ్లం.

"స్టాఫ్‌ది అందరికంటే ఆఖరున."

"ముందే పండినా?"

"ఎండిపోతున్నా సరే. క్లర్కు చెరుకు ముందు ఆడిందని ఒక్క రైతు అన్నాడంటే మర్నాటి నుంచి నా లిస్టు ఎవడూ నమ్మడు. మనది ఎప్పుడూ ఆఖరి రోజునే తోలాం. నువ్వు గమనించి ఉండవు."

గమనించలేదు. కార్డులో అరవై మూడో గడి స్టాఫ్‌కి ఇచ్చి, అది నాన్నకి చూపించాను. అందులో తొమ్మిది ఉంటే ఆ రైతు వరసలో అట్టడుగుకి పోతాడు. ప్రోగ్రాంలో ఒక్క లైను.

నవంబరు చివర్లో ఫ్యాక్టరీ మొదలైంది. నాన్న ఎప్పటిలాగే లిస్టులు రాస్తున్నాడు. డిసెంబరు రెండో వారంలో మద్రాసు నుంచి మెయిలు బండిలో మిషను రాసిన మొదటి లిస్టు వచ్చింది. ఆ వారం మొత్తానికి రెండు వందల అరవై పేర్లు. స్టేషన్ నుంచి తెచ్చి సెక్రటరీ గారికి చూపించాను.

"దీన్ని మీ నాన్నకి చూపించు. తప్పులు దిద్దించు. అడుగున ఆయన సంతకం కావాలి" అన్నారు ఆయన. ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు, అడగకుండానే తెలుసు కనక.

ఆ సాయంత్రం అరుగు మీద ఆ పొడుగాటి కాగితాన్ని నాన్న ఒళ్లో పరిచాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని మొదటి పేరు నుంచి వేలు పెట్టి చదివాడు. రెండో పేజీకి వచ్చాక మళ్లీ మొదటి పేజీ తిప్పి చూశాడు.

"ఇది నా లిస్టేరా. మిషను రాసిందా ఇది? నేను రాసినట్టే రాసిందే!" అమ్మని కేకేశాడు. "పద్మా, ఇటు రా, చూడు. మీవాడు నా బుర్ర తీసుకెళ్లి మద్రాసులో పెట్టాడు."

ఎర్ర పెన్సిలు తీసి పదకొండు పేర్ల దగ్గర గీత పెట్టాడు. ఒక్కోదానికీ కారణం చెప్పాడు. పదో తప్పు చేల మధ్య కొత్తగా పడిన ఒక బండి పుంత సంగతి. పదకొండోది ఇద్దరు అన్నదమ్ములది. వాళ్లకి మాటల్లేవు, ఉన్నది ఒకటే బండి. ఇద్దరికీ ఒకే రోజు ఆర్డర్ ఇస్తే తలకాయలు పగులుతాయి. అన్నీ రాసుకున్నాను.

"ఇక్కడ సంతకం పెట్టు నాన్నా" అన్నాను.

"నేనెందుకురా? క్లాసు పనికి నా సంతకం దేనికి?"

"నువ్వు చూశావని మాస్టారికి తెలియాలిగా."

ఆయనకి ఆ మాట నచ్చింది. కాగితం మోకాలి మీద పెట్టుకుని, రోజూ రాసేదానికంటే కొంచెం పెద్ద అక్షరాలతో, 'సరిచూశాను' అని రాసి 'బ.పు.' అని పెట్టాడు. నేను దాన్ని జాగ్రత్తగా మడిచి తీసుకెళ్లాను.

జనవరి మొదటి వారంలో తొమ్మిది మందికీ తలా ఒక కవరు ఇచ్చారు. నేను అక్కడ లేను, కావాలనే వెళ్లలేదు. తర్వాత ఒకరు చెప్పారు. మిగతా ఎనిమిది మందీ నాన్న వెనక నిలబడి, "మిషను రాసిన లిస్టు ఎవడు నమ్ముతాడండీ? రేపు తేడా వస్తే రైతులు ఊరుకుంటారా?" అని అడిగారట. సెక్రటరీ గారు మెత్తగానే, సొరుగులోంచి ఆ పొడుగాటి కాగితం తీసి ఆఖరి పేజీ బల్ల మీద పెట్టారట. తొమ్మిది మందీ ఆ ఎర్ర అక్షరాలు చూశారట. అందరికీ తెలిసిన అక్షరాలే. బయటికి వచ్చేటప్పుడు ఆ ఎనిమిది మందిలో ఒక్కడూ మా నాన్న పక్కన నడవలేదట.

ఆ రోజు నాన్న ఎప్పటి బస్సులోనే, ఎప్పటి వేళకే వచ్చాడు. చెప్పులు ఎప్పుడూ విడిచే చోటే విడిచాడు. కాళ్లు కడుక్కుని, అమ్మ ఇచ్చిన కాఫీ నిలబడే తాగాడు. నేను అరుగు మీద గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఏదో ఒకటి అంటాడని, చెయ్యి చేసుకుంటాడని కూడా అనుకున్నాను. కొడితే బాగుండునని కోరుకున్నాను.

"ఆ పదకొండూ దిద్దావా?" అని అడిగాడు.

"దిద్దాను నాన్నా."

"మంచిది" అని గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత అమ్మ నాకు అన్నం వడ్డిస్తూ, విస్తట్లోకే చూస్తూ అంది. "పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన ఎవరితోనూ అంతలేసి మాట్లాడటం నేను చూళ్లేదురా. గుమ్మం అవతల నిలబడి ఎంత మురిసిపోయానో. నన్ను కూడా పిచ్చిదాన్ని చేశావు." ఆ తర్వాత కూడా వేళకి అన్నం పెట్టింది. కూర అడిగితే వేసింది. మాట మాత్రం నేను అడిగినదానికి జవాబు వరకే.

సీజను అయ్యేదాకా నన్ను కేన్ ఆఫీసులో కూర్చోమన్నారు. వారం వారం లిస్టు తెప్పించి, కిటికీ దగ్గర కూర్చుని రైతులకి ఆర్డర్లు ఇవ్వడం నా పని. తొమ్మిది బల్లల్లో ఎనిమిది తీసేశారు. మిగిలింది నాన్న బల్లే. సొరుగులో వాడేసిన ఎర్ర పెన్సిలు ముక్కలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. పారేయడానికి చేతులు రాలేదు, ఉంచుకోవడానికి మనసు రాలేదు. సొరుగు మూసేసి పనిచేశాను.

మిషను బాగా పనిచేసింది. అది చెప్పాలి. ఏ బండీ వెనక్కి పోలేదు. అన్నదమ్ములు కొట్టుకోలేదు. సెక్రటరీ గారు చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్లని పిలిచి చూపించేవారు. "దీనికి చుట్టం లేడు, పక్కం లేడు. సీజను మధ్యలో ఎవరొచ్చి బతిమాలినా ఒక్క కార్డు మారదు" అనేవారు. కార్డు మార్చకూడదన్న నిబంధన నేను రాసిచ్చిందే. అప్పుడది నాకు చాలా తెలివైన మాటగా తోచింది.

మార్చి రెండో వారంలో ఎండలు ముదిరాయి. ఒకరోజు పది గంటలకి కిటికీ ముందు ముప్పై మంది దాకా ఉన్నారు. తల ఎత్తితే వరసలో అయిదో మనిషి మా నాన్న. తెల్ల చొక్కా, ఆఫీసుకి వేసుకునేదే. ఆయన ముందున్నావిడ పేరమ్మ అని, కౌలుకి ఎకరన్నర మొక్క తోట చేసే మనిషి. వెనక్కి తిరిగి ఆయన్ని చూసి కంగారుపడి పక్కకి జరిగింది.

"అయ్యో గుమస్తాగారూ, మీరు వరసలో నిలబడ్డమేంటండీ? ముందుకి రండి బాబూ."

"పర్లేదమ్మా. నా వంతు వచ్చినప్పుడే వస్తాను."

పేరమ్మ ఆర్డర్ తీసుకుని వెళ్లింది. నాన్న కిటికీ ముందుకి వచ్చాడు. నా వెనక కుర్చీలో సెక్రటరీ గారు, ఎవరో బయటి ఫ్యాక్టరీ మనిషితో కూర్చుని ఉన్నారు. వాళ్ల మాటలు ఆగిపోయాయి.

"పేరు?" అన్నాను. అందరినీ అలాగే అడుగుతాను.

"బసవపున్నయ్యండీ. కాలవ అవతల రెండెకరాలు. కార్శి." నేను అడక్కముందే రైతు నెంబరు కూడా చెప్పాడు. పద్దెనిమిది వందల మంది నెంబర్లూ ఆయనకి నోటికి వచ్చు.

లిస్టు ఆఖరి పేజీ తిప్పాను. చూడక్కర్లేదు, అయినా తిప్పాను. "మీకు ఇంకా ఆర్డర్ రాలేదండీ."

"ఎప్పుడొస్తుందండీ?"

"వరస వచ్చినప్పుడు వస్తుంది."

"ఆకు ఎండిపోయిందండీ. గడ కోసి చూశాను, పై రెండు కణుపులూ బెండు తిరిగాయి. కాస్త చూడండి." ఇరవై ఎనిమిదేళ్లు ఆ కిటికీకి ఇవతల కూర్చుని ఆయన విన్న మాట అది. తర్వాత కిటికీ చువ్వల దగ్గరికి వంగి, నాకు మాత్రమే వినపడేటట్టు అన్నాడు. "అరవై మూడో గడిలో తొమ్మిది ఉంటుంది బాబూ. నేనిప్పుడు స్టాఫ్‌ని కాదుగా."

పది నిమిషాల పని. ఒక కార్డు తీసేసి ఇంకో కార్డు పెట్టమని మద్రాసుకి ఒక తంతి ఇస్తే చాలు. అది అన్యాయం కూడా కాదు, ఆయన నిజంగానే స్టాఫ్ కాదు. నా వెనక కుర్చీ కిర్రుమంది. మద్రాసు ఉత్తరం ఇంకా నా చేతికి రాలేదు.

"సీజను మధ్యలో కార్డులు మార్చడానికి వీల్లేదండీ" అన్నాను.

నాన్న ఒక్క క్షణం నన్ను చూశాడు. కోపంగా కాదు. కొత్తగా చేరిన క్లర్కు లెక్క సరిగ్గా కట్టాడా లేదా అని చూసినట్టు చూశాడు. "అవును. మధ్యలో మార్చకూడదు" అని తల ఊపి, వెనకవాడికి చోటిచ్చి వెళ్లిపోయాడు. ఆయన బస్సు దాకా ఎండలో నడిచి వెళ్లడం కిటికీలోంచి కనపడింది. తర్వాతివాడి పేరు అడిగాను.

స్టాఫ్ చెరుకు ఆఖరి రోజు తోలేవాళ్లమని నాన్న చెప్పాడు. అంతవరకే నేను రాసుకున్నాను. ఆ ఆఖరి రోజు ఎలా వచ్చేదో నేను అడగలేదు. ఇంకా ఎవరి చెరుకు మిగిలిందో ఆయన మనసులో లెక్క ఉండేది. అదంతా గానుగ ఎక్కేదాకా, రేపు ఇంకో నలభై బళ్లున్నాయండీ, ఎల్లుండి ఇంకో ముప్పై అంటూ ఫ్యాక్టరీని ఆపకుండా నడిపించేవాడట. మిషనుకి ఆ తంటా లేదు. మార్చి ఇరవై రెండున వచ్చిన లిస్టు అడుగున, నేను రాసిన ప్రోగ్రాం ప్రకారమే, మిగిలిన చెరుకు ఎన్ని టన్నులో అచ్చువేసింది. సెక్రటరీ గారు ఆ అంకె చూసి, "ఇంతోటి దానికి ఇంకో మూడు రోజులు బాయిలర్ మండించడం దండగ" అన్నారు. ఆ సాయంత్రమే సీజను ముగిసిందని ఫ్యాక్టరీ పొడుగాటి కూత వేసింది.

బెల్లం గానుగలవాళ్లు వచ్చి గడ విరిచి చూసి, బెండులో రసం ఏముందని వెళ్లిపోయారు. నరికించడానికి కూలి దండగని నాన్నే ఒక మధ్యాహ్నం వెళ్లి చేనుకి నిప్పు పెట్టి వచ్చాడు. పటమటకి వచ్చేసరికి చొక్కా నిండా నుసి. అమ్మ దాన్ని మూడుసార్లు ఉతికింది. మరకలు పోలేదు.

ఏప్రిల్ మొదట్లో సెక్రటరీ గారు ఉత్తరం ఇచ్చారు. మద్రాసు కంపెనీకి ఇంగ్లీషులో టైపు కొట్టిన ఉత్తరం. ఇంటికి తెచ్చి సంచిలో పెట్టుకుంటుంటే నాన్న అరుగు మీద నుంచి పిలిచాడు.

"ఏం రాశారు? చదివి చెప్పు."

మా అమ్మకి కూడా తెలియాలని తెలుగులో చెప్పాను. కష్టపడే కుర్రాడని, తెలివైనవాడని, ప్రోగ్రాం తప్పు లేకుండా నడిచిందని రాశారన్నాను. ఒక్క వాక్యం వదిలేశాను.

"ఇటివ్వు" అన్నాడు నాన్న.

ఇరవై ఎనిమిదేళ్లు ఆఫీసు ఇంగ్లీషు చదివిన మనిషి ఆయన. నేను ఆ సంగతే మర్చిపోయాను. కళ్లజోడు తుడుచుకుని మొదటి మాట నుంచి వేలు పెట్టి చదివాడు. నేను వదిలేసిన వాక్యం దగ్గర వేలు ఆగింది. ఈ పద్ధతి ఎంత నిష్పక్షపాతమైనదంటే, దీన్ని తయారుచేసిన యువకుడి సొంత తండ్రి చెరుకు చేలోనే ఎండిపోయింది, అయినా అతను ఒక్క కార్డు కూడా మార్చలేదు, ఇంతకంటే నమ్మకమైన మనిషి మీకు దొరకడు అని అక్కడ ఉంది. ఆ వాక్యం ఆయన రెండుసార్లు చదివాడు.

తర్వాత చొక్కా జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు. ఉద్యోగం పోయి మూడు నెలలైనా అది జేబులోనే ఉంది. ఉత్తరాన్ని మోకాలి మీద పెట్టుకుని, అడుగున ఖాళీ చోట, రోజూ రాసేంత చిన్న అక్షరాలతోనే, 'సరిచూశాను' అని రాశాడు. పక్కన 'బ.పు.' అని పెట్టాడు. మడత చెడకుండా మడిచి నా చేతికి ఇచ్చాడు.

ఇంకో ఉత్తరం అడగడానికి నాకు మొహం చెల్లలేదు. దాన్నే మద్రాసు తీసుకెళ్లాను. అక్కడి ఆఫీసరు తమిళాయన. ఉత్తరమంతా చదివి ఆ వాక్యం దగ్గర మెచ్చుకోలుగా తల ఊపాడు. కింద ఎర్ర అక్షరాలు చూసి, ఇదేమిటి, ఎవరు రాశారు అని అడిగాడు.

"ఏం లేదు సార్, మా ఆఫీసు గుర్తు" అన్నాను. సోమవారం నుంచి పనిలో చేరమన్నాడు.